కారణం ఎంచుకోండి

ఉద్యోగం మానెయ్యడం తేలికే. ఎందుకు మానేస్తున్నామో ఆఫీసువాళ్ల ఎగ్జిట్ ఫారంకి అర్థమయ్యేట్టు చెప్పడమే బ్రహ్మవిద్య.

మా ఫారంలో కారణాలు ఐదు. మెరుగైన అవకాశం, పై చదువులు, పెళ్లి, ఊరు మారడం, వ్యక్తిగతం. 'మేనేజర్' అని లేదు. భూమ్మీద ఇంతవరకు ఎవరూ ఆ కారణంతో మానలేదు కాబోలు. 'ఇతరములు' నొక్కితే ఒక బుల్లి పెట్టె తెరుచుకుంది. 50 అక్షరాలు మించకూడదట. మూడేళ్ల గోడు! సరే, పొదుపుగా మొదలుపెట్టా. "ఇద్దరు మానేశారు, వాళ్ల పనీ నా నెత్తినే" అని రాసేసరికే ముప్పావు పెట్టె అయిపోయింది. "సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెట్టి పొద్దున్నకల్లా" అని కలిపేసరికి పెట్టె ఎర్రబడింది. సిగ్గుపడిందేమో అనుకున్నా. అక్షరాలు ఎక్కువయ్యాయట.

"మెరుగైన అవకాశం పెట్టెయ్యండి సార్, అందరూ అదే పెడతారు" అంది హెచ్‌ఆర్ అమ్మాయి, పాపం. అందరూ అదే పెడతారు గనక ఏడాది చివర రిపోర్టులో మావాళ్లంతా అవకాశాలు వెతుక్కుంటూ వెళ్లినట్టే తేలుతుంది. మేనేజర్‌కి ప్రమోషన్ వస్తుంది.

నోటీసు పీరియడ్ ఇంకో వింత. రెండేళ్లుగా ఒక్క మనిషిని ఇవ్వమంటే బడ్జెట్ లేదన్నవాళ్లు, నా పని అప్పగించుకోవడానికి ముగ్గుర్ని పంపారు. వాళ్లకి చెబుతుంటే మేనేజర్ కూడా పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నాడు. నేనేం చేస్తున్నానో ఆయనకీ అప్పుడే తెలిసింది మరి.

102 జ్వరం అని మెసేజ్ పెట్టిన రాత్రి మాత్రం నాకు నవ్వు రాలేదు. 'టేక్ కేర్' అని ఒక లైను. దాని కింద 'లాప్‌టాప్ దగ్గరే ఉందిగా?' అని ఇంకో లైను. రోజుకి 8 గంటలు, వారానికి 48 అని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలో రాసుకుంది 1919లో! వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసి, పక్షవాతంతో, గుండెజబ్బుతో 2016 ఒక్క ఏడాదిలోనే దాదాపు 7,45,000 మంది పోయారని ఆ సంస్థా, ప్రపంచ ఆరోగ్య సంస్థా కలిసి 2021లో అంచనా కట్టాయి. అందులో ఎంతమందికి ఆ రెండో లైను వచ్చిందో! దీనికి డెడికేషన్ అని పేరొకటి. సిగ్గుండక్కర్లా?

చివరికి నేనూ 'మెరుగైన అవకాశం' నొక్కి బయటపడ్డా.

ఆ ముగ్గురిలో ఒకతను నిన్న ఫోన్ చేశాడు. ఏ ఫైలో దొరకలేదేమో అనుకున్నా.

"అన్నా, ఆ ఫారంలో మీరేది నొక్కారు?"