ఆ సగం దారి వేసిన చేతులు
1971 భారత్-పాక్ యుద్ధంలో జరిగిన బసంతర్ పోరును మన ట్యాంకులే గెలిపించాయని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించను. మందుపాతరల మధ్య ఆ ట్యాంకులకు దారి తీసింది సైన్యంలోని ఇంజినీర్ల దళమైన మద్రాస్ సాపర్స్ జవాన్లు. వాళ్ల కేంద్రం మన బెంగళూరులో, అల్సూరు చెరువు పక్కనే ఉంది. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి అందులో చేరిన మా పెదనాన్న రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. యుద్ధం గురించి అడిగితే ముందు చలి గురించే చెప్పేవారు. వేళ్లు కొయ్యబారి, చేతిలో పాతరలు వెతికే ఊచ ఉందో లేదో తెలిసేది కాదట. బోర్లా పడుకుని ఊచను ఏటవాలుగా గుచ్చాలి, నిలువుగా గుచ్చితే పాతర పైభాగం నొక్కుకుని పేలిపోవచ్చు. చుట్టూ షెల్స్ పడుతున్నా చెయ్యి తొందరపడకూడదు. దారి పూర్తికాకముందే, డిసెంబరు 16 తెల్లవారేలోగా మన పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు దూసుకెళ్లాయి. ఆ తెగువకు నేనూ దండం పెడతాను. కానీ అప్పటికి సిద్ధమైన ఆ కాస్త దారి ఎవరు వేశారో ఒక్క వాక్యమైనా రాయాల్సింది. పెదనాన్న పక్కనే పాకుతున్న కడప కుర్రాడు ఆ రాత్రి తిరిగి రాలేదు. అతని పేరు చెప్పినప్పుడల్లా ఆయన గొంతు పూడుకుపోయేది.