సవారీ బండి గారికి బహిరంగ లేఖ

అయ్యా సవారీ బండి గారూ,

మా బుల్లి ఇంజను వెనక జనాన్ని కూర్చోబెట్టుకుని తిరిగే మీరు క్షేమమే అనుకుంటాను. కాకపోతే ఈపాటికి పట్టా పక్కన గడ్డిలో పడి ఉండేవారు, మా క్లబ్బులో అందరికీ మీరు గుర్తొచ్చేవారు. మామూలు రోజుల్లో మీకు ఆ భాగ్యం లేదు. మా బుల్లి రైలు క్లబ్బులో సభ్యులు రెండే రకాలు: ఇంజను కట్టినవారు, ఇంజను కడుతున్నవారు. మిమ్మల్ని కట్టిందెవరని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఇంజను గారి వైభవం వేరు. ఆయన బాయిలరుకే ఏళ్లు పడతాయి. పాత ఫొటోలు ముందేసుకుని, అసలు ఇంజనుకు ఎన్ని రివెట్లుంటే అన్నీ లెక్కపెట్టి మరీ కొడతారు. మీకేమో నాలుగు చదరపు గొట్టాలు, పైన ఒక ప్లైవుడ్ పలక, దాని మీద మెత్త. ఒక్క పూట పని అంటారు. జనం వచ్చి కూర్చునేది మాత్రం మీ మీద. సొమ్మొకడిది, సోకొకడిది.

మీ మొదటి నేరం మీరు అసలు బండిని కొలత ప్రకారం కుదించిన నమూనా కాకపోవడం. రెండు పట్టాల మధ్య ఎడం 184 మిల్లీమీటర్లుండే దారి మీద నడిచే ఇంజను అసలు దానిలో సుమారు ఎనిమిదో వంతు. జనాన్ని ఆ లెక్కన తగ్గి రమ్మంటే వస్తారా? పొడవు ఎనిమిదో వంతయితే బరువు 512వ వంతు అవుతుంది. 40 టన్నుల రైలు పెట్టెను అలా కుదిస్తే 78 కిలోలు. అంటే మీ మీదెక్కే పెద్దమనిషి ఒక్కడే ఒక నిండు రైలు పెట్టెకు సమానం. అలాంటివారు నలుగురు ఒకరి వెనక ఒకరు సర్దుకుని, ‘ఇంజను ఎంత ముద్దుగా ఉందో’ అంటారు. వారి భుజాల వెడల్పు ఆ పట్టాల ఎడానికి రెట్టింపు పైమాటే. అందులో ఒకరు ఫొటో కోసం పక్కకు వంగితే చాలు, మొత్తం బరువు ఆ పక్క పట్టా మీదికి ఒరుగుతుంది. అందుకే సీటు వీలైనంత కిందికి ఉండాలి. ఎత్తు పెంచితే మోకాళ్లకు హాయి అని మా పెద్దల వాదన. నిజమే, ఆ తరువాత నేల తగిలేది మోచేతులకు కదా!

ఇక మీ చక్రాలు. వీటిని పెద్ద విషయంగా మా వాళ్లెవరూ అనుకోరు. ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ ముందు నిలబడితే తెలుస్తుంది. పట్టా మీద ఆనే ముఖం చదునుగా ఉండకూడదు, బయటి వైపుకు కాస్త సన్నబడుతూ పోవాలి. చక్రం పట్టా దిగిపోకుండా లోపలి అంచున ఉండే గట్టు, అదే ఫ్లాంజ్, దాని మొదలు దగ్గర మూల కోసుగా కాకుండా గుండ్రంగా తిరగాలి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వ్యాసంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మీరు బతికినంతకాలం ఒక పక్కకే రాసుకుంటూ నడవాలి. ఇంతకన్నా ఇరుకైన 127 మిల్లీమీటర్ల ఎడం దారికైతే రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం సుమారు 119 మిల్లీమీటర్లు. అది తప్పితే పట్టాలు చీలే ప్రతిచోటా మీకు గండమే.

ఇంత చేసి, ఆ నాలుగు చక్రాలనూ కదలని చట్రానికి బిగిస్తారు. ఎగుడుదిగుడు నేల మీది బల్లలా మూడే ఆనుతాయి, నాలుగోది గాలిలో ఉంటుంది. వంపు రాగానే ఆ గాలిలోది పట్టా ఎక్కి అవతల దిగుతుంది. చట్రం రెండు పక్కలూ విడివిడిగా ఊగేలా కట్టండి మహాప్రభో అంటే, ‘స్ప్రింగులు పెట్టాం కదా’ అని సమాధానం. నలుగురి బరువుకు సరిపడే స్ప్రింగు ఖాళీ బండి కింద చలించనే చలించదు. అందుకే తరచూ మీరు జనంతో ఉన్నప్పుడు బుద్ధిగా నడిచి, ఖాళీగా షెడ్డుకు వెళ్తూ పడతారు. చూసినవారు లేరు కనుక పడనట్టే. చూసినవారుంటే విచారణ జరుగుతుంది: పట్టా వేసినవారు తప్పు బండిదంటారు, బండి కట్టినవారు తప్పు పట్టాదంటారు, ఇంజను కట్టినవారు ఇంజనుకు గీత పడలేదు కదా అంటారు.

బ్రేకుల మాట ఎత్తితే మా వాళ్లకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. ఎనిమిది మంది ఎక్కితే దాదాపు 600 కిలోలు. దిగుడులో అంత బరువు వెనకనుంచి నెడుతుంటే ఇంజను బ్రేకు ఒక్కటే ఏం ఆపుతుంది? మీకు వాక్యూమ్ బ్రేకు కావాలని నా మనవి. గొట్టంలో గాలి లాగేసి ఉంచినంతసేపే బ్రేకు వదులుగా ఉంటుంది. కొక్కెం ఊడి బండ్లు విడిపోతే గొట్టం కూడా ఊడుతుంది, గాలి జొరబడుతుంది, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. ఎవరూ ఏ మీటా లాగనక్కరలేదు. ‘మన కొక్కేలు ఎప్పుడూ ఊడలేదు’ అన్నారు. కొక్కెంతోపాటు ఒక గొలుసైనా వేద్దామంటే చూడటానికి బాగుండదన్నారు.

కొత్త బండి గురించి మొన్న సమావేశం జరిగింది. దానికి ఎరుపా, ముదురు ఎరుపా అన్నది తేలక వాయిదా పడింది. రంగు ఉపసంఘంలో చోటు కోసం పోటీ పడ్డారు. రంగు ఖరారయ్యేదాకా మీరే బండి లాగించాలని, దిగుడులో కాస్త చూసుకుని నడవాలని సభ్యులందరి తరఫున మిమ్మల్ని కోరమన్నారు.

ఇట్లు,
బ్రేకు ఉపసంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, ఏకైక సభ్యుడు