చాదస్తం కాదు, మెదడు లయ తగ్గింది

వణుకుడు జబ్బును 1817లో వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్, రోగి బుద్ధికి ఏ లోటూ ఉండదని రాశాడు. వైద్యులు ఆ మాట ఎప్పుడో వదిలేశారు, మన ఇళ్లలో మాత్రం ఇంకా చెల్లుతోంది. నాన్న చేయి వణికితే హనుమకొండకు పరుగెత్తుకొస్తాం. అదే నాన్న నాలుగేళ్లకు, లేని పిల్లలు మంచం పక్కన ఆడుతున్నారంటే 'చాదస్తం' అని నవ్వేస్తాం. ఇంతమంది ముసలివాళ్లకు అన్యాయం చేసిన మాట తెలుగులో మరొకటి ఉండదేమో!

సిడ్నీలో ఈ వణుకుడు జబ్బు (ఇప్పుడు పార్కిన్సన్ జబ్బు అంటున్నాం) రోగులను 20 ఏళ్లు గమనిస్తే, అప్పటికి బతికున్నవారిలో 83 శాతం మందికి డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, వచ్చింది. దాని అడుగుల చప్పుడు ముందే వినొచ్చు. మెలకువగా కళ్లు మూసుకున్న మనిషి మెదడు వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 విద్యుత్ అలలు లేస్తాయి. ఈ లయ 8.5 కన్నా తగ్గిన పార్కిన్సన్ రోగులకు డిమెన్షియా ముప్పు, తగ్గనివారితో పోలిస్తే, 13 రెట్లని 2011లో ఒక అమెరికా పరిశోధన తేల్చింది.

దీన్ని చూపే యంత్రం కొత్తదేమీ కాదు. హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి మెదడు అలలను నమోదు చేశాడు. ఫిట్స్ వచ్చిన పిల్లల తలకు జిగురు పూసి, తీగలు అతికించి వరంగల్‌లో రోజూ తీసే ఈఈజీ అదే. పార్కిన్సన్ రోగికి ఏడాదికోసారి ఎందుకు తీయరు?

నిద్రమత్తులోనూ అలలు నెమ్మదిస్తాయి, ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పలేం, నయం చేసే మందూ లేదు. అన్నీ నిజాలే. కానీ వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర మతిని మరింత మసకబారుస్తుంది. ముప్పు తెలిసిన వైద్యుడు దాన్ని మెల్లగా మాన్పిస్తాడు.

అసలు నా బెంగ మందుల గురించి కాదు, భూమి గురించి. పిల్లలు దుబాయిలోనో డల్లాస్‌లోనో ఉన్న ఊళ్లు మనవి. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వృద్ధుల చట్టంలో ఉంది. ఆ షరతు పెట్టించుకోవడానికి మతి నిలకడగా ఉండాలి కదా. భూమి రాసిచ్చే తహసీల్దారు కార్యాలయంలోని వేలిముద్ర యంత్రానికి మాత్రం వేలు సరిపోతే చాలు.