మహారాజశ్రీ పోయిన అమ్మకం గారికి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

మహారాజశ్రీ పోయిన అమ్మకం గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. గేమ్ మిషన్ కొనకుండానే దాని గేముల్ని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నడిపించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం వల్ల తమ అమ్మకాలు పోతున్నాయని గేమ్ కంపెనీలు ఏడుస్తుంటాయి, ఆ పోయిన అమ్మకం తమరే కదా. తమరి క్షేమం కనుక్కుందామని ఈ మధ్యాహ్నమంతా తిరిగాను. జగదాంబ దగ్గర మొదలుపెట్టి, డాబాగార్డెన్స్ మీదుగా ద్వారకానగర్ దాకా, ఉక్కపోతకి చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే, జేబులో డబ్బు పెట్టుకుని మరీ. జేబులో డబ్బు అన్న మాట కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దాంతో పనుంది.

మా మేనల్లుడు ఇంటర్ గట్టెక్కాడు. చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ ఒకటి కొనిపెడతానని మాటిచ్చి ఉన్నాను. నా మాట వెనకాల ఒక షాపాయన మాట ఉంది. "శనివారానికి స్టాకు దిగిపోద్ది సార్, అడ్వాన్సు ఇచ్చేసి నిశ్చింతగా వెళ్లండి" అన్నాడు. ఇవాళ వెళ్తే "పైనుంచే రాలేదు సార్." మరి అడ్వాన్సు? "టెన్షన్ పడకండి, వేరే ఐటమ్‌లో అడ్జస్ట్ చేసేద్దాం." చుట్టూ చూస్తే ఇయర్‌ఫోన్లు, ఫోను కవర్లు తప్ప వేరే ఐటమ్ లేదు.

ఇంకో షాపులో కౌంటరు కింద డ్రాయరులోంచి ఒక డబ్బా పైకొచ్చింది. సీలు అప్పటికే ఎవరో కోసేశారు, దాని మీద సెల్లోటేపు వేసుంది. లోపల చార్జరుకి మన గోడ ప్లగ్గులో పట్టని పలక పిన్నులు. అడాప్టరు ఫ్రీ అట. ధర నోటితో చెప్పలేదు, కాలిక్యులేటర్ మీద కొట్టి, అటూ ఇటూ చూసి, నా వైపు తిప్పాడు. బిల్లు అడిగాను. "ఇంపోర్టెడ్ పీసుకి బిల్లేంటి సార్!" వారంటీ అడిగాను. "నేనున్నాను కద సార్." షాపుల పేర్లు రాయను, మిషన్ ఏ కంపెనీదో కూడా రాయను. మీకు అనవసరం, నాకు గొడవ.

ఉత్త చేతుల్తో ఇంటికొచ్చేసరికి మావాడు ఫోన్‌లో ఎమ్యులేటర్ వేసుకుని ఆడుతున్నాడు. బొటనవేళ్ల కింద సగం బొమ్మ కనపడదు. ఫోను వెనక చెయ్యి కాలిపోతోందని ఫ్యాను కిందికి జరిగి కూర్చున్నాడు. "వదిలెయ్ మావయ్యా, ఇందులో ఆడేస్తన్నాను కదా" అన్నాడు, తలెత్తకుండానే.

సరిగ్గా అప్పుడు ప్రత్యక్షమయ్యారు మీరు. నేను డబ్బు పట్టుకుని ఊరంతా వెతికినప్పుడు కనపడనివారు, వాడు ఎమ్యులేటర్ తెరిచేసరికి కంపెనీల నష్టాల పద్దులోకి ఎక్కి కూర్చున్నారు. నా పేరు మీద, వాడి పేరు మీద కూడా. అయ్యా, నేను కొనబోయినప్పుడు అమ్మలేదు కదా, మరి పోయిందేమిటి?

తమరి తరఫున ఏడ్చేవాళ్ల లెక్క భలే సులువు. డౌన్‌లోడ్లు ఎన్నో చూడు, గేమ్ ధర ఎంతో చూడు, రెండూ హెచ్చవేసెయ్. ఎమ్యులేటర్ అనేదే లేకపోతే గాజువాకలో డిప్లమో చదివే కుర్రాడు మర్నాడు పొద్దున్నే లేచి, అరవై డెబ్బై డాలర్లు పోసి గేమ్ కొనేవాడని వాళ్ల నమ్మకం. ఆ గేమ్ నడవడానికి మిషన్ వేరే కొనాలి. ఆర్కే బీచ్‌లో ఊరికే గాలి పీల్చుకుని వెళ్లినవాళ్లందరినీ కూల్‌డ్రింకు బండివాడు తన పోయిన బేరాల కింద రాసుకున్నట్టుంది ఈ వ్యవహారం. 2017 మార్చిలో నింటెండో వారి స్విచ్ అనే చేతి మిషన్ విడుదలైనప్పుడు కంపెనీ దాన్ని ఇండియాలో విడుదలే చేయలేదు. తెచ్చినవాళ్లు సొంత పూచీ మీద తెచ్చారు, కొన్నవాళ్లు దేవుడి మీద భారం వేసి కొన్నారు. ఆ లెక్కన మన దేశంలో మీ జనాభా ఎంతో మీరే చెప్పాలి.

పాత సంగతులు చూద్దామా? 3డీఎస్ అని నింటెండో వారిదే రెండు తెరల మిషన్. 2011 ఫిబ్రవరిలో జపాన్‌లో 25,000 యెన్‌లకి వచ్చింది. జనం కొనలేదు. ఆగస్టులో 15,000 యెన్‌లకి దించారు. అప్పుడు కదిలి, చివరికి ఏడున్నర కోట్ల దాకా వెళ్లింది. తొలి ఆరు నెలల్లో దాన్ని కొననివ్వకుండా ఆపింది ఏ ఎమ్యులేటరూ కాదు, అప్పటికి దానికి ఎమ్యులేటర్ లేనే లేదు. సోనీ వారి చేతి మిషన్ వీటా అయితే మరీ పాపం. దానికి మామూలు మెమరీ కార్డు పట్టదు, కంపెనీ కార్డే కొనాలి, దాని రేటు చూస్తే కళ్లు తిరిగేవి. 2019లో తయారీ ఆపేశారు. వీటా3కే అనే ఎమ్యులేటర్ జనం ముందుకి వచ్చిందే 2018లో. అప్పటికి అది పెద్ద గేములేవీ నడపలేదు కూడా. వీటాని ముంచిన పాపంలో ఎమ్యులేటర్‌కి వాటా లేదు.

ఇక 3డీఎస్‌కి ముందు నింటెండో అమ్మిన డీఎస్ ఉంది. ఆర్4 అని ఒక కార్డు దొరికేది, గేములన్నీ అందులోకి ఎక్కించుకోవచ్చు. అంత దొంగతనం మధ్యన కూడా డీఎస్ 15 కోట్లు దాటి అమ్ముడుపోయింది. కానీ నేను మీలా ఏకపక్షం లెక్కలు వెయ్యను. ఆర్4 కార్డు వాడేవాడు కూడా ముందు మిషన్ కొనాలి. ఎమ్యులేటర్ వాడేవాడికి ఆ ఖర్చు కూడా లేదు. పైగా మిషన్ అమ్ముడైనంత మాత్రాన గేమ్ తయారుచేసినవాడి కడుపు నిండదు. మిషన్ కంపెనీ లాభం, గేమ్ రాసినవాడి నష్టం ఒకే ఇంట్లో ఉండగలవు.

ఒక చోట మాత్రం తమరికి లేచి నిలబడి దండం పెడతాను. 2023 మేలో స్విచ్‌కి వచ్చిన జెల్డా గేమ్, "టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్", విడుదలకి ముందే లీకైంది. మార్కెట్లో ఉన్న స్విచ్‌కి యూజూ అనే ఎమ్యులేటర్ అప్పటికే సిద్ధం. విడుదల కాకముందే పది లక్షలకి పైగా డౌన్‌లోడ్లు అయ్యాయని నింటెండో దావాలో రాసింది. యూజూ వాళ్లు నెలనెలా చందాలు కూడా వసూలు చేసుకునేవారు. 2024 ఫిబ్రవరి చివర్లో కేసు పడింది, వారం తిరిగేసరికి 24 లక్షల డాలర్లు కడతామని ఒప్పుకుని దుకాణం కట్టేశారు. బజార్లో వేడివేడిగా ఉన్న సరుకుని విడుదలకి ముందే పంచిపెట్టడానికి దారి చూపిస్తే ఎవడికైనా మండుతుంది. ఆ పది లక్షల్లో తమరు నిజంగానే కొందరు ఉండి ఉంటారు. ఎందరంటే నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఎందుకంటే అదే గేమ్ మొదటి మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ దెబ్బకే సిట్రా కూడా పోయింది. నా కడుపు మండేది ఇక్కడే.

సిట్రా అంటే 3డీఎస్ ఎమ్యులేటర్. యూజూ వాళ్ల చేతిలోనే ఉండేది, కాబట్టి రెండూ ఒకే రోజు, 2024 మార్చి 4న, ఆగిపోయాయి. సరే. 3డీఎస్‌కి ఆన్‌లైన్ షాపు ఎప్పుడు మూశారు? 2023 మార్చి 27న. కంపెనీయే మూసింది. ఆ తేదీ తర్వాత మేం కాళ్లావేళ్లా పడి డబ్బు ఇస్తామన్నా అక్కడ తీసుకునేవాడు లేడు. డౌన్‌లోడ్ రూపంలో మాత్రమే వచ్చిన గేములకి కార్ట్రిడ్జ్ (మిషన్‌లో దూర్చే గేమ్ కార్డు) కూడా లేదు, షాపుతోపాటు అవీ పోయాయి. అంటే దాదాపు ఏడాది ముందే షట్టరు దించి తాళం వేసిన కొట్లో, ఆ తర్వాత బేరం పోయిందని ఏడుపు! ఎవడికి పోయిందయ్యా? ఏం కొనకుండా పోయాం? నువ్వెక్కడున్నావు అక్కడ? సెకండ్‌హ్యాండ్‌లో కార్ట్రిడ్జ్ కొంటే కంపెనీకి పైసా రాదు, అది తప్పు కాదు. అదే గేమ్ ఫోన్‌లో ఆడితే కూడా కంపెనీకి పైసా రాదు, అది మాత్రం నీ హత్య! నువ్వు పుట్టలేదు, పుట్టే దారి కూడా వాళ్లే మూశారు. పుట్టనివాడికి పిండం పెట్టి, ఖర్చు మా దగ్గర వసూలు చేస్తారా?

మూసేసిన షాపు అదొక్కటే అయితే ఊరుకుందును. పాత గేముల్ని భద్రపరిచే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు 2023లో లెక్క తీశారు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం అప్పటికి ఎక్కడా అమ్మకానికి లేవు. నింటెండో వారి పాత చేతి మిషన్ గేమ్‌బాయ్ గేముల సంగతైతే నూటికి ఆరు కూడా దొరకలేదు. మిగిలిన తొంభై నాలుగింటి విషయంలో తమరు ఏ గోడకి వేలాడుతున్నారో చెప్పండి, వచ్చి దండ వేస్తాను. "అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మేమే మళ్లీ విడుదల చేస్తాం, ఎమ్యులేటర్ ఉంటే అప్పుడు మాకు గిరాకీ ఉండదు" అంటారు. కొన్నింటికి అది నిజమే, 2023 ఫిబ్రవరి నుంచి స్విచ్‌లో నెలవారీ చందా కట్టి కొన్ని గేమ్‌బాయ్ గేములు ఆడుకోవచ్చు. కొన్ని. చందా ఆగితే అవీ ఆగిపోతాయి.

చదువుకున్నవాళ్లు ఏమన్నారో కూడా మనవి చేస్తాను. యూరోపియన్ కమిషన్ డబ్బు పెట్టి దొంగ కాపీల సంగతి మీద ఒక అధ్యయనం చేయించుకుంది. 2015లో చేతికొచ్చింది, 2017 దాకా బీరువాలోంచి బయటికి రాలేదు. కొత్త హిట్ సినిమాలకి తప్ప, కాపీల వల్ల అమ్మకాలు పోతున్నాయనడానికి అందులో గట్టి ఆధారం దొరకలేదు. గేముల దగ్గరికొస్తే కాస్త లాభమే ఉన్నట్టు కనపడింది. ఆధారం దొరక్కపోవడం వేరు, నష్టం లేదని తేలడం వేరు, ఆ మాట వాళ్లే రాసుకున్నారు. తమరు ఉన్నారనడానికి ఆధారం దొరికితే బీరువాలో ఉంచేవారా అన్నది నా చిన్న సందేహం.

తమరి మీద ఇంత కోపంలోనూ ఆ మిషన్లని మాత్రం ఏమీ అనలేను. ఓడలో పనిచేసే మా బాబాయి సింగపూర్ నుంచి ఒక గేమ్‌బాయ్ పట్టుకొచ్చాడు. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే రోజుల తరబడి ఆడేది. తెరకి లైటు లేదు, కరెంటు పోతే వీధి దీపం కిందికి పరుగెత్తాలి. వీధి దీపం కూడా ఆ కరెంటుతోనే వెలుగుతుందన్న సంగతి అక్కడికెళ్లాక గుర్తొచ్చేది. మీ కంపెనీలు అమ్మిన సరుకు అంత బాగుంది కాబట్టే, వాళ్లు మర్చిపోయినా మేం మర్చిపోలేక ఫోన్లో పోసుకుని తాగుతున్నాం.

మావాడు ఇప్పుడు ఇంకోటి పట్టుకున్నాడు. సోనీ వారి పాత చేతి మిషన్ పీఎస్పీ రోజుల్లో హైదరాబాద్‌లో తయారైన "దేశీ అడ్డా" అనే గేమ్ ఉంది. కబడ్డీ, గాలిపటాలు, మన వీధి ఆటలే. పీఎస్పీకి కూడా వచ్చింది. "కొందాం మావయ్యా, ఎంతైనా మనోళ్లు చేసిందంట" అంటున్నాడు. వాడికి దొంగబుద్ధి లేదు, యూపీఐ ఉంది. పీఎస్పీలో ఆన్‌లైన్ కొనుగోళ్లు 2021 జులైలోనే ఆపేశారు. షాపుల్లో అడుగుదామంటే మధ్యాహ్నం నేను పడ్డ పాట్లు చాలు. కాబట్టి తమరు దయచేసి ఆ గేమ్ తాలూకు డబ్బు ఎవరికి, ఏ నంబరుకి పంపాలో తిరుగు టపాలో తెలియజేయండి. సమాధానం వచ్చేదాకా వాడు ఫోన్‌లోనే ఆడుకుంటాడు. ఈలోగా వాడిని నష్టం కింద రాసుకుంటే, నేను ఇచ్చిన అడ్వాన్సు కూడా పక్కనే రాసుకోండి.

ఇట్లు,
బిల్లు అడిగిన కస్టమరు

తా.క.: 2018 డిసెంబరులో సోనీ వారు తమ తొలి ప్లేస్టేషన్‌ని చిన్న డబ్బాలో పెట్టి "క్లాసిక్" అని అమ్మారు. అందులో గేములు నడిపింది పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఎమ్యులేటర్, బయటివాళ్లు రాసి ఉచితంగా పెట్టింది. దానివల్ల కంపెనీకి ఎన్ని అమ్మకాలు పోయాయో తమ బంధువర్గంలో కాస్త విచారించి చెప్పగలరు.