పందేనికి చోటు చూపండి

ఫార్ములా వన్ కార్ల పందేలు జరిగే మొనాకో ట్రాక్ పొడవెంత, ఎనిమిది అంకె ఆకారంలో సాగే సర్క్యూట్ ఏది అని నల్లగొండలోనో పాలమూరులోనో ఏ డిగ్రీ కాలేజీలో అడిగినా ఎవరో ఒకరు 3.337 కిలోమీటర్లని, జపాన్‌లోని సుజుకా అని టక్కున చెబుతారు. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న మలుపుల పేర్లు మన పిల్లలకు కంఠతా వచ్చు. ఆ ఆసక్తిని మేం మనసారా మెచ్చుకుంటాం. అయితే మన రహదారుల మీద బైకు పందేలకు దిగే ముందు, ఆ మలుపులకు నేటి రూపం రావడానికి ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారో కూడా వారు తెలుసుకోవాలి.

1966లో బెల్జియంలోని స్పా సర్క్యూట్ పల్లెల నడుమ మామూలు రోడ్ల మీదుగా 14 కిలోమీటర్లు సాగేది. ఆ ఏటి ఫార్ములా వన్ పోటీలో తొలి ల్యాప్‌లోనే, అంటే మొదటి చుట్టులోనే, కుండపోత వాన కురిసింది. డ్రైవర్ జాకీ స్టీవర్ట్ కారు అదుపు తప్పి రోడ్డు దిగిపోయింది. కాళ్లు స్టీరింగ్ కింద ఇరుక్కుపోయి, ఒళ్లంతా పెట్రోలుతో తడిసి దాదాపు 25 నిమిషాలు ఆయన అందులోనే ఉండిపోయారు. ఒక్క నిప్పురవ్వ పడి ఉంటే ఆయన దక్కేవారు కాదు. విడిపించేందుకు సిబ్బంది లేరు, పనిముట్లు లేవు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అడిగి తెచ్చి, స్టీరింగ్ విప్పి బయటికి లాగారు. ఆ తర్వాత స్టీవర్ట్ తన కారు స్టీరింగ్‌కు ఒక పానా టేపుతో అంటించుకునేవారు. సీటు బెల్టులు, అడ్డుగోడలు, ట్రాక్ దగ్గరే వైద్యులు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడారు. పిరికివాడని ఈసడించిన వారూ ఉన్నారు. ఆ మనిషే 1969, 1971, 1973లలో ప్రపంచ విజేత!

1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లో చిక్కుకున్న డ్రైవర్ నికీ లౌడా ఆరు వారాలకే తిరిగి పోటీకి దిగారు; 20 కిలోమీటర్లు దాటిన ఆ పాత ట్రాక్‌కు మాత్రం ఫార్ములా వన్ మళ్లీ వెళ్లలేదు. 1994లో ఇటలీలోని ఇమోలాలో వరుసగా రెండు రోజుల్లో డ్రైవర్లు రాట్జెన్‌బర్గర్, అయర్టన్ సెన్నా మరణించాక అక్కడి టాంబురెల్లో మలుపునే మార్చేశారు. 2014లో సుజుకాలో జూల్ బియాంకీ కారు క్రేన్‌ను ఢీకొంది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు. డ్రైవర్ తలకు రక్షణగా నిలిచే ‘హాలో’ చట్రం 2018 నుంచి తప్పనిసరి అయింది. 2020లో బహ్రెయిన్‌లో గ్రోజాన్ కారు రెండు ముక్కలై భగ్గుమన్నా, చేతులకు కాలిన గాయాలతో ఆయన నడిచి బయటికి రాగలిగారంటే ఆ చట్రం చలవే. తొలి ల్యాప్‌లో రేసు కార్ల వెనకే పరుగెత్తే వైద్యుల కారు కూడా క్షణాల్లో అక్కడికి చేరింది.

ఇప్పుడు మన 65వ, 44వ నంబరు జాతీయ రహదారులను చూడండి. చిట్యాల, జడ్చర్ల దాకా నాలుగు వరుసల నున్నటి దారి కనబడగానే బైకు చెవి మెలిపెట్టాలనిపించే వయసు మన పిల్లలది. సర్క్యూట్‌లో మలుపు పక్కన కంకర పరచేది అదుపు తప్పిన కారును నెమ్మదింపజేయడానికి. మన దారి అంచున టిప్పర్ల నుంచి జారిన కంకర బైకునే జార్చేస్తుంది. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. చుట్టూ పేర్చిన రాళ్లు చీకట్లో కనబడవు. డివైడర్ సందులోంచి గొర్రెల మంద దాటుతుంది, ఎదురుదారిలో ట్రాక్టర్ వస్తుంది. సర్క్యూట్‌లోలా ప్రమాదముందని పసుపు జెండా ఊపేవారు ఉండరు. హెల్మెట్ ఉన్నా అది మోచేతికి వేలాడుతుంటుంది. పందెంతో ఏ సంబంధమూ లేని కూలీలు, బడిపిల్లలు ఆ దారినే నడుస్తారు. వారి ప్రాణాలను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

రోడ్లపై బండ్ల పందేలకు దిగితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మైనర్ పిల్లలు నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా తప్పవని 2019 సవరణ చెబుతోంది. పదో తరగతి పాసయ్యాడని బండి కొనిచ్చే ఇళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు? పోలీసులు దాన్ని ఊరూరా చెప్పాలి, అమలు చేయాలి.

కేసులతోనే ఈ ఉత్సాహం చల్లారదని కూడా మా నమ్మకం. దానికో చోటు కావాలి. భారీ హంగులు అక్కర్లేదు. గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ కట్టినా ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్లే నిలిచింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఇ మరుసటి ఏడాదే రద్దయింది. దేశం నుంచి తొలి ఫార్ములా వన్ డ్రైవరైన నరైన్ కార్తికేయన్ కోయంబత్తూరు కుర్రాడు. మారుతి ఇంజిన్లు బిగించిన చిన్న దేశీయ రేసు కార్లలో ఓనమాలు దిద్దుకుని 2005లో ఆ స్థాయికి చేరారు. ఆ ఊళ్లో నేడు కరి మోటార్ స్పీడ్‌వే అనే రేసు ట్రాక్ ఉంది. కోయంబత్తూరు చేసిన పని పాలమూరు ఎందుకు చేయలేదు?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సాగుకు పనికిరాని ప్రభుత్వ బీడు భూములు వెతికి, జిల్లాకొకటి చొప్పున కిలోమీటరు పొడవైన శిక్షణ ట్రాక్ కట్టాలి. పొద్దున డ్రైవింగ్ నేర్చుకునేవారికి, సాయంత్రం చిన్న రేసు బండ్లు నడిపే కార్టింగ్‌కు, బైకు పోటీలకు అదే పనికొస్తుంది. పేదింటి పిల్లలు కూడా రాగలిగేలా రుసుము నామమాత్రంగా ఉండాలి. నిర్వహణను జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య గుర్తింపున్న క్లబ్బులకే అప్పగించాలి. వైద్యుడు, అంబులెన్స్ సిద్ధంగా లేకుండా అక్కడ ఒక్క బండి కూడా స్టార్ట్ కాకూడదన్న నిబంధనను మొదటి రోజునుంచే పెట్టాలి.