పక్క క్లాసు టీచర్ వచ్చి చూడాలి

రెండో క్లాసు పిల్లాడు 52 లోంచి 38 తీసేసి 26 అని రాశాడనుకోండి. చాలామంది టీచర్లు ఇంటు కొట్టేసి, బోర్డు మీద 14 అని రాసి ముందుకెళ్లిపోతారు. కానీ వాడు తోచిన అంకె వేయలేదు, 2 లోంచి 8 పోదు కదా అని 8 లోంచే 2 తీసేశాడు, అంటే వాడి బుర్రలో ఒక రూల్ ఉంది, కాకపోతే అది తప్పు రూల్. దాన్ని పట్టుకోవాలంటే "ఎలా చేశావురా" అని అడగాలి, అడిగి కాస్త ఆగాలి, పుల్లల కట్ట ఒకటి విప్పి పది ఒకట్లు ఎలా వస్తాయో చూపించాలి.

ఆ ఆగడమే కష్టం. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది ఓ సెకనేనని 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు గమనించారు, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా నోరు విప్పారు. పెద్ద హాల్లో కూర్చోబెట్టి రోజంతా స్లైడ్లు చూపిస్తే ఈ అలవాటు వస్తుందా? రాదు. ట్రైనింగ్‌లో విన్నది క్లాసు దాకా రావాలంటే పక్కనుండి చూసి చెప్పే మనిషి కావాలని జాయిస్, షవర్స్ అనే పరిశోధకులు 1980ల్లోనే చెప్పారు. జపాన్ బడుల్లోనైతే ఇది ఎప్పట్నుంచో ఉంది, అందరూ కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు వెనక నిలబడి టీచర్ని కాదు పిల్లల్ని చూస్తారు, తర్వాత కూర్చుని ఏ పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో మాట్లాడుకుంటారు.

మన బడుల్లోనూ పక్క క్లాసు టీచర్ వచ్చి ఇలా చూడాలంటున్నాం. అలాగని ఇదేం మంత్రం కాదు. 2018లో 60 స్టడీలు కలిపి చూస్తే ఇలా టీచర్ పాఠాన్ని పక్కనుండి చూసి సలహా చెప్పడం (దీన్నే కోచింగ్ అంటారు) వల్ల బోధన, పిల్లల చదువు రెండూ మెరుగైనట్టే తేలింది గానీ, ప్రోగ్రాం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పలచబడింది. కాబట్టి ఒక్క ఆర్డరుతో అన్ని బడుల్లో మొదలెట్టేస్తామంటే మేం ఒప్పుకోం. ఇంకో భయం కూడా ఉంది, చూడ్డానికొచ్చినవాళ్లు రాసుకున్న కాగితం ప్రమోషన్ ఫైల్లోకి వెళ్లిందంటే ఇక ఎవరైనా ముందే రిహార్సల్ చేయించిన పాఠమే చూపిస్తారు (ఇన్‌స్పెక్షన్ రోజు జరిగేది ఇదేగా). ఆ కాగితం ఆ ఇద్దరు టీచర్ల దగ్గరే ఉండాలి.

అసలు చిక్కు టైమే. పక్క క్లాసుకి వెళ్తే తన క్లాసు ఎవరు చూస్తారు? వారానికి ఒక్క పీరియడ్ హెడ్మాస్టర్ ఆ క్లాసు తీసుకోవాలి, అది కుదరనిచోట ఇంకో టీచర్ని ఇవ్వాలి, హాల్ ట్రైనింగులకి పెడుతున్న డబ్బులో కొంత ఇటు మళ్లిస్తే చాలు.