సైరన్ మోతలో వార్త

2025 మే 10న దేశంలోని టీవీ ఛానళ్లకు కేంద్ర హోంశాఖ పరిధిలోని పౌర రక్షణ విభాగం నుంచి ఒక సూచన వెళ్లింది. ఆపరేషన్ సిందూర్ సాగుతున్న రోజులవి. వైమానిక దాడి ముప్పు ఉన్నప్పుడు జనాన్ని హెచ్చరించే సైరన్ మోతను అవగాహన కల్పించడానికి తప్ప కార్యక్రమాల్లో వాడవద్దని అందులో ఉంది. కారణమూ చెప్పారు. పొద్దస్తమానం టీవీలో అదే మోత వినడం అలవాటైతే, రేపు నిజంగా దాడి జరిగే వేళ సైరన్ మోగినా జనం దాన్ని టీవీ చప్పుడే అనుకునే ప్రమాదం ఉంది.

ప్రాణం కాపాడవలసిన చప్పుడును ప్రేక్షకుడి చూపు లాగడానికి వాడుకున్నారు. టీవీ వార్త ఎంత దూరం వచ్చేసిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ మోత నడుస్తున్న రాత్రులలోనే కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని జాతీయ ఛానళ్లు గంటల తరబడి చెప్పాయి. అది నిజం కాదు. సరిహద్దు జిల్లాల్లో దీపాలార్పుకుని కూర్చున్న కుటుంబాలకు ఆ వేళ కావలసింది నమ్మదగిన ఒక్క మాట. దొరికింది మాత్రం నేపథ్య సంగీతం.

వార్తలు చెప్పే తీరు మారకూడదని మేము అనడం లేదు. అది మారుతూ వచ్చింది కనుకనే తెలుగువారికి మేలు జరిగింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైనా, అక్కడి నుంచి తెలుగు వార్తలు వినడానికి 1983 నవంబరు 14 దాకా ఆగవలసి వచ్చింది. ఆ రోజు శాంతిస్వరూప్ తొలి బులెటిన్ చదివారు. చదవవలసిన వాక్యాలను ఎదురుగా చూపే తెర, టెలిప్రాంప్టర్, అప్పుడు లేదు. చేతిలోని కాగితం నుంచి వాక్యాన్ని కళ్లతో అందుకుని, తల ఎత్తి, మన ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా ఆ వాక్యాన్ని మనకు అప్పగించేవారు. ఊరి పేరో, మనిషి పేరో తప్పు పలకకూడదన్న జాగ్రత్త ఆ గొంతులో వినిపించేది. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జనం ముందుగా తలచుకున్నది ఆ గొంతునే.

అయితే ఆ బులెటిన్ ప్రభుత్వ బులెటిన్. మంత్రిగారి ప్రారంభోత్సవం ముందు వచ్చేది, కరవు తరువాత వచ్చేది. భాష పాఠ్యపుస్తకానిది. 1995లో ఈటీవీ వచ్చాక జిల్లాల దృశ్యాలు, జిల్లాల మనుషులు తెర మీదికి వచ్చారు. తెలంగాణ ఉద్యమపు మలి అంకంలో వచ్చిన టీ న్యూస్, వీ6 ఇంకో గోడను కూల్చాయి. అంతవరకు తెలంగాణ మాట సినిమాలో హాస్యగాడి నోటనో, ప్రతినాయకుడి నోటనో వినిపించేది కానీ, వార్త చెప్పే కుర్చీలో దానికి చోటు లేదు. వీ6 తీన్మార్ వార్తలతో ఆ చోటు దక్కింది. ఇంట్లో తాము మాట్లాడే మాటలోనే సర్కారును నిలదీస్తుంటే పల్లె జనం టీవీ చుట్టూ చేరారు. చెప్పే తీరులో వచ్చిన ఆ మార్పు జనాన్ని వార్తకు దగ్గర చేసింది. మారితే అలా మారాలి.

2004 ప్రాంతంలో తెలుగులో మొదలైన ఇరవై నాలుగు గంటల వార్తా ఛానళ్లు మరో దారి పట్టాయి. అరగంట బులెటిన్‌లో దేన్ని తీసేయాలన్నది సంపాదకుడి బెంగ. రోజంతా నడిచే ఛానల్‌లో గంటను దేనితో నింపాలన్నది బెంగ. ఈ రెండో బెంగ నుంచే ఇవాళ్టి టీవీ వార్త రూపం పుట్టింది.

ఏ సాయంత్రమైనా ఏడున్నరకు తెరను ఒక్క నిమిషం జాగ్రత్తగా చూడండి. పైన ఎర్ర పట్టీ. దాని కింద మెరిసే పసుపు అక్షరాలు. ఎడమవైపు నిన్నటి దృశ్యం పన్నెండు సెకన్లకోసారి తిరిగి తిరిగి వస్తుంటుంది. కుడివైపు నాలుగు గడుల్లో నలుగురు. కింద రెండు వరుసల స్క్రోలింగ్, ఒకటి రాజకీయం, ఒకటి ప్రకటన. మూలన గడియారం, ఇంకో మూలన ‘లైవ్’ అన్న మాట. లైవ్ ఏదో మాత్రం తెలియదు, ఎందుకంటే దృశ్యం నిన్నటిది. వీటన్నిటి మధ్య యాంకర్ నిలబడి, ఇప్పుడే అందిన వార్త అంటూ మధ్యాహ్నం రెండింటికి అందిన వార్తనే చెబుతారు. ఇంత కిక్కిరిసిన తెరలో సంకేత భాషలో వార్త చెప్పే మనిషికి మాత్రం గడి కనిపించదు. వినికిడి లోపం ఉన్నవారి కోసం దూరదర్శన్ 1987లోనే వారానికోసారి ప్రత్యేక వార్తలు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రైవేటు ఛానళ్ల కోసమూ కేంద్రం 2019లో ప్రమాణాలు ప్రకటించింది. అయినా రాత్రి చర్చ వేళ వారికి ఆ తెర మూగదే.

బ్రేకింగ్ న్యూస్ అన్న మాటకు ఒక బరువుండేది. ప్రధాని హత్య, తుపాను, రైలు ప్రమాదం వంటి వాటికి నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపేవారు కనుక ఆ పేరు. ఇప్పుడు ఎమ్మెల్యే కారు దిగినా అదే పట్టీ, నటుడి విడాకులకూ అదే పట్టీ. అన్నిటికీ ఒకే రంగు వేశాక దేనికి కంగారు పడాలో ప్రేక్షకుడికి తెలియదు. పౌర రక్షణ విభాగం సైరన్ గురించి చెప్పింది సరిగ్గా ఇదే.

పోటీ ముదిరితే ప్రదర్శన ఎక్కడికి దిగుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. దుబాయిలో శ్రీదేవి మరణించిన తీరు వివరించడానికి ఒక తెలుగు ఛానల్ విలేకరి స్వయంగా స్నానపు తొట్టెలో పడుకుని చూపించారు. మరణించిన మనిషి కుటుంబం ఇంకా భౌతికకాయం కోసం ఎదురుచూస్తున్న వేళ అది ప్రసారమైంది. దేశమంతా ఛీ కొట్టింది. ఆ విలేకరి ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు. దృశ్యం లేనిచోట దృశ్యం పుట్టించమని అడిగే పద్ధతిది. ఈనాటి త్రీడీ గ్రాఫిక్స్, స్టూడియో నేల మీద పరుగెత్తే యుద్ధ ట్యాంకులు, వంతెన కూలినట్టు చూపే బొమ్మలు ఆ పద్ధతి పిల్లలే. ఖర్చు పెరిగింది కనుక గౌరవంగా కనిపిస్తున్నాయి, అంతే.

రేటింగుల వల్లే ఇదంతా అని ఛానళ్ల యాజమాన్యాలు చెబుతాయి. దేశం మొత్తం మీద యాభై వేలకు పైగా ఇళ్లలో, ప్రేక్షకుల లెక్క తీసే సంస్థ బార్క్ పెట్టిన మీటర్లు ఎవరు ఏమి చూశారో లెక్క కడతాయి. ప్రతి గురువారం వచ్చే ఆ అంకెల కోసం న్యూస్‌రూమ్‌లు పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూస్తాయి. అయితే ఒక సంగతి గుర్తు చేయాలి. రేటింగుల అక్రమాల కేసు తరువాత 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా వార్తా ఛానళ్లకు రేటింగులు ఇవ్వలేదు. దాదాపు ఏడాదిన్నర. ఆ కాలంలో అరుపులు తగ్గాయా? బల్ల చుట్టూ నలుగురు చేరి, ఎవరి మాటా ఎవరికీ వినిపించని చర్చలు ఆగాయా? ఆగలేదు. అంటే రోగం మీటరులోనే లేదు, అలవాటులోకి దిగింది. పైగా చర్చకు ఖర్చు తక్కువ. నలుగురిని స్టూడియోకు పిలిస్తే గంట నిండుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామానికి కెమెరా పంపితే రోజంతా తిరిగి రెండు నిమిషాల వార్త వస్తుంది. యాజమాన్యం లెక్కలో ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

ఈ లెక్కకు మూల్యం చెల్లించింది ఎవరో 2024 సెప్టెంబరు మొదటి వారం చెప్పింది. బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కరెంటు లేని మేడ మీద, ఫోనులో మిగిలిన కాస్త ఛార్జింగుతో కూర్చున్నవారికి కావలసిన సంగతులు ఇవి: పడవ ఏ వీధి మొగ దాకా వస్తోంది, పాలు, నీళ్లు ఎక్కడ ఇస్తున్నారు, నీరు పెరుగుతోందా తగ్గుతోందా, ఏ నంబరుకు ఫోను చేయాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు యూట్యూబ్ లైవ్ చూస్తూ అమ్మానాన్నల వీధి పేరు ఎప్పుడు వినిపిస్తుందా అని ఎదురుచూశారు. తెర మీద నీళ్లు కనిపించినంతగా సమాచారం అందలేదన్నది మా అభిప్రాయం. డ్రోన్ దృశ్యాలు ఉన్నాయి. ఏ పార్టీ తప్పు ఎంత అన్న చర్చ మొదటి రోజు సాయంత్రానికే మొదలైంది. నడుము లోతు నీళ్లలో దిగి, వివరాలు కనుక్కుని చెప్పిన స్థానిక విలేకరులూ ఉన్నారు. వారికి దక్కిన సమయం చర్చలకు దక్కిన సమయంలో చిన్న తునక.

ఆ స్థానిక విలేకరి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారమంతటికీ మూలం అతడి దగ్గరుంది. మండలంలో ఛానల్ లోగో పట్టుకుని తిరిగేది స్ట్రింగర్. చాలామందికి నెల జీతం లేదు. పంపిన వార్తకో, తెచ్చిన ప్రకటనకో ముట్టిన డబ్బే సంపాదన. బండి పెట్రోలు సొంతం, ఫోను సొంతం. అదే ఫోనుతో వీడియో తీస్తాడు, బస్టాండులో నిలబడి దాన్ని పంపుతాడు, ఫోనులోనే యాంకర్‌కు సమాధానం చెబుతాడు. ప్రకటన ఇచ్చినవాడి మీద వార్త రాయాల్సి వస్తే అతడి గతి ఏమిటి? స్టూడియోలో గోడంత ఎల్ఈడీ తెర కొన్న యాజమాన్యం ఈ మనిషికి నెలకు ఇంత అని ఎందుకు ఇవ్వలేకపోతోంది? ఈ ప్రశ్న పత్రికలకూ వర్తిస్తుందని తెలిసే అడుగుతున్నాం.

ఇప్పుడు తెర నిలువుగా మారుతోంది. వార్త ఫోనులోకి వచ్చింది, అరగంట కథ అర నిమిషం ముక్కయింది. ఇందులో చెడు ఒక్కటే చూడనక్కరలేదు. శ్రీకాకుళం రైతు పొలం గట్టున వాతావరణ హెచ్చరిక చూసుకోగలుగుతున్నాడు. కానీ ముక్క కింద తేదీ ఉండదు. మూడేళ్ల కిందటి వరద దృశ్యం ఇవాళ్టి వానకు అతికి ఊళ్లు తిరుగుతుంది. పాత దృశ్యమని తెర మీద రాయడం టీవీలో చిన్న పని. ఫోను ముక్కలో ఆ రెండు మాటలు రాయకపోతే ఊరు ఊరే ఇళ్లు వదిలి పరుగెత్తే ప్రమాదం ఉంది.

వార్త చదివే మనిషి కూడా మారిపోతున్నాడు. 2018లో చైనా వార్తా సంస్థ షిన్హువా కృత్రిమ మేధ యాంకర్‌ను చూపించింది. 2023లో మన దేశంలో ఆజ్‌తక్ సనాను, ఒడిశా టీవీ లీసాను తెర మీదికి తెచ్చాయి. అదే ఏడాది తెలుగులోనూ ఇలాంటి బొమ్మ వార్తలు చదివింది. 2024 మేలో దూరదర్శన్ కిసాన్ ఛానల్ క్రిష్, భూమి అన్న ఇద్దరిని పెట్టింది. అలసట లేదు, సెలవు లేదు, అనేక భాషలు వచ్చు అని వాటి గొప్పలు. పంటల ధరలు, వాన లెక్కలు చదవడానికి యంత్రం పనికి రావచ్చు. మనుషులు పోయిన వార్త చదవవలసినప్పుడు? పేరు తప్పు చదివితే సంజాయిషీ ఎవరు ఇవ్వాలి? ముఖం ఉంది కానీ బాధ్యత పడే మనిషి లేడు. యాంకర్ పాత్ర ఎంత కీలకమో 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రత్యేకంగా గుర్తు చేసింది. విద్వేషం చిందుతుంటే ఆపవలసింది యాంకరే అంది. ఆపాలన్న స్పృహ లేని బొమ్మను ఆ కుర్చీలో కూర్చోబెడితే ఆ బాధ్యత ఎవరి మీద ఉంచాలి?

ప్రభుత్వమే పగ్గాలు పట్టుకోవాలని మేము కోరడం లేదు. 2023 నవంబరులో కేంద్రం బయటపెట్టిన ప్రసార సేవల బిల్లు ముసాయిదా మీద ఎన్ని అనుమానాలు వచ్చాయో చూశాం. పగ్గాలు ఒకసారి చేతికి చిక్కితే సైరన్‌తో పాటు ప్రశ్న గొంతూ ఆగుతుంది. కానీ స్వీయ నియంత్రణ పేరుతో ఉన్నది చాలదు. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలైతే ఛానళ్లు లెక్కచేస్తాయా అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడిగింది. ఛానళ్ల సంఘాలు ఆ మాట విని సొంతంగా కదలాలి. నిజంగా కార్యక్రమం ఆపి చెప్పవలసిన వార్తకే ఎర్ర పట్టీ వాడతామని, తప్పు చెబితే చెప్పిన వేళలోనే, చెప్పినంత పెద్ద అక్షరాల్లోనే సరిదిద్దుతామని రాసుకోవాలి. స్ట్రింగర్‌కు నెల జీతం ఇవ్వాలి. ఇది అన్నిటికంటే ముందు.

మళ్లీ వానాకాలం వస్తుంది. బుడమేరు, మున్నేరు ఎక్కడికీ పోలేదు. ఈసారి నీరు ఊళ్లోకి వచ్చిన రాత్రి ప్రతి తెలుగు ఛానల్ గంటకు పది నిమిషాలు సంగీతం ఆపి, పట్టీలు తీసేసి, ఒక మనిషిని కూర్చోబెట్టి వీధుల పేర్లు చదివించాలి. పడవ ఎక్కడిదాకా వస్తోంది, ఏ దారి మూతపడింది, ఏ నంబరుకు ఫోను చేయాలి. నిదానంగా, రెండేసి సార్లు.